మతిమరుపు సింథసైజర్లు

వయసు మీదపడ్డ మనుషులకి మతిమరుపొస్తే మనం పెద్దగా ఆశ్చర్యపోం. మరి వయసు మీదపడ్డ వాద్యాలకి? వీణకి రాదు, తబలాకి రాదు, హార్మోనియంకి అసలే రాదు. గుర్తుపెట్టుకునే పని వాటికి లేదు గనక. కానీ 1978 తర్వాత ఓ ఏడెనిమిదేళ్ళ పాటు తయారైన అనలాగ్ సింథసైజర్లకి మాత్రం మతిమరుపు వస్తుంది. రాత్రి ఆపినప్పుడు నలభై శబ్దాలు గుర్తున్న యంత్రం, పొద్దున స్విచ్చేసేసరికి బెబ్బెబ్బే అంటుంది. మీటలన్నీ పనిచేస్తుంటాయి, లైట్లు వెలుగుతుంటాయి, శబ్దమూ వస్తుంటుంది. మనం దాచుకున్న శబ్దం మాత్రం కాదు.

సాఫ్టువేరు వాళ్ళకి ఈ కథ ఎందుకంటారా? ఇది వాద్యాల కథే అయినా నిజానికి మన కథే. సంగీతంలోకి మైక్రోప్రాసెసర్ ఎలా దూరింది, వస్తూ వస్తూ ఏ రోగాన్ని వెంటబెట్టుకొచ్చింది అన్నది అందులో ఉంది.

ముందు మతి లేని రోజుల సంగతి. 1970లో వచ్చిన మినీమూగ్‌కి జ్ఞాపకశక్తి లేదు. ముఖం మీద నలభై దాకా తిప్పుడు గుండీలు, స్విచ్చిలు. ఏ గుండీ ఎంత తిప్పాలో అదే శబ్దం. ఇంకో శబ్దం కావాలంటే మళ్ళీ అన్నీ తిప్పుకోవాలి. ఇంట్లో కూర్చుని వాయించుకునేవాడికి ఇదో సరదా. కానీ స్టేజి మీద, చీకట్లో, ఒక పాటకీ ఇంకో పాటకీ మధ్య పదిహేను సెకన్లలో ఎలా? డబ్బున్నవాళ్ళు రెండేసి మినీమూగ్‌లు పెట్టుకున్నారు, ఒక్కోదాన్ని ఒక్కో శబ్దానికి సిద్ధం చేసి (రిక్ వేక్‌మన్ అలా రెండు పెట్టుకున్నవాడే). మిగిలినవాళ్ళు కాగితాన్ని నమ్ముకున్నారు. యంత్రం ముఖం బొమ్మ అచ్చేసిన కాగితం మీద ఏ గుండీ ఎక్కడుందో పెన్సిలుతో గీత గీసి దాచుకోవడం. ఆ కాగితమే అప్పట్లో మెమరీ.

యమాహావాళ్ళు దీనికో తమాషా ఉపాయం చేశారు. 1977 నాటి సీఎస్-80లో ఓ చిన్న మూత ఉంటుంది. దాన్ని ఎత్తితే లోపల బయటి ముఖానికి నకలుగా, వేలిగోరుతో జరపాల్సినంత బుల్లి స్లైడర్లు వరసలుగా ఉంటాయి. బయట మీకు నచ్చిన శబ్దం కుదిరితే, లోపల ఈ బుల్లివాటిని కూడా అలాగే అమర్చి మూతేసేయడమే. తర్వాత ఒక్క బటన్ నొక్కితే ఆ అమరిక అమల్లోకొస్తుంది. చూస్తే నవ్వొస్తుంది గానీ, ఇందులో ఉన్న తెలివి నాకు ఆలస్యంగా అర్థమైంది. ఈ మెమరీకి బ్యాటరీ అక్కర్లేదు. కరెంటు పోయినా, నలభై ఏళ్ళు అటక మీద పడున్నా, ఎవరూ కదిలించకపోతే ఆ స్లైడర్లు అక్కడే ఉంటాయి. మూతెత్తి కంటితో చదువుకోవచ్చు.

ఇక అసలు మలుపు. డేవ్ స్మిత్ అని కాలిఫోర్నియాలో ఓ ఇంజనీరు. బర్క్‌లీలో కంప్యూటర్ సైన్సూ ఎలక్ట్రానిక్సూ చదివి, పగలు మైక్రోప్రాసెసర్లతో ఉద్యోగం చేస్తూ, 1974లో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ అనే చిన్న కంపెనీ పెట్టాడు. ఉన్న సింథసైజర్లకి బయటి నుంచి మెమరీ తగిలించే ఓ డబ్బా కూడా చేశాడు. ఒకే వాద్యంలో మైక్రోప్రాసెసర్నీ, అప్పుడే వస్తున్న కొత్త సింథసైజర్ చిప్పుల్నీ కలిపితే ఎలా ఉంటుంది అన్న ఆలోచన అతనికొచ్చింది. ఇంత సులువైన ఆలోచన మూగ్‌కో ఏఆర్పీకో ఎప్పుడో వచ్చే ఉంటుందిలే అనుకుని కొన్నాళ్ళు ఊరుకున్నాడు. ఎవరూ చెయ్యకపోయేసరికి, 1977లో ఉద్యోగం మానేసి తానే మొదలెట్టాడు. 1978 జనవరిలో వాద్య పరికరాల వ్యాపారుల ప్రదర్శనలో ప్రాఫెట్-5 బయటికొచ్చింది. ఐదు స్వరాలు ఒకేసారి పలుకుతుంది, లోపల జైలాగ్ జెడ్80 ప్రాసెసర్, నలభై శబ్దాలు గుర్తుంచుకుంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే శబ్దాల్ని కూర్చిన జాన్ బోవెన్ పాత్ర కూడా ఇందులో తక్కువేం కాదు.

అంతే, ఆ తర్వాత మెమరీ లేని ఖరీదైన సింథసైజర్ కొనేవాడు కరువయ్యాడు. ఓబర్‌హైమ్ ఓబీ-ఎక్స్ (1979), రోలాండ్ జూపిటర్-8, కోర్గ్ పాలీసిక్స్ (రెండూ 1981), రోలాండ్ జూనో-60, మెమరీమూగ్ (రెండూ 1982) - అన్నిటికీ మెమరీ ఉంది. ఆఖరిదానికైతే పేరులోనే ఉంది! జూపిటర్-8కి 64, పాలీసిక్స్‌కి 32, జూనో-60కి 56, మెమరీమూగ్‌కి వంద.

ఇంతకీ అనలాగ్ యంత్రం గుర్తెలా పెట్టుకుంటుంది? అందులో శబ్దాన్ని నడిపించేది వోల్టేజి. గుండీ తిప్పితే ఒక వోల్టేజి వస్తుంది. ప్రాసెసర్ ఒక్కో గుండీ దగ్గరికీ వరసగా వెళ్ళి, అక్కడి వోల్టేజిని కొలిచి, అంకెగా మారుస్తుంది. ఏడు బిట్లతో కొలిస్తే 0 నుంచి 127 దాకా అన్నమాట. ఒక్కో శబ్దానికి అలాంటి అంకెలు ఓ ఇరవయ్యో ముప్పయ్యో. నలభై శబ్దాలూ కలిపినా కిలోబైటు అటూ ఇటూ. ఈ టపాలో ఒక్క పేరా పట్టడానికి కావలసిన చోటు కంటే పెద్ద ఎక్కువేం కాదు. శబ్దాన్ని వెనక్కి పిలిచినప్పుడు అంకె మళ్ళీ వోల్టేజి అవుతుంది. ఒకే ఒక్క కన్వర్టర్ వంతులవారీగా అన్ని చోట్లకీ వోల్టేజి పంచుతుంది; తన వంతు మళ్ళీ వచ్చేదాకా ఒక్కో చోటా ఒక్కో కెపాసిటర్ దాన్ని పట్టుకుని కూర్చుంటుంది.

ఆ అంకెలు ఉండేది సీమాస్ స్టాటిక్ ర్యామ్‌లో. కరెంటు పోతే ర్యామ్ ఖాళీ. ఫ్లాష్ మెమరీ అప్పటికింకా పుట్టలేదు. అంచేత అందరూ ఒకటే దారి పట్టారు: యంత్రం ఆపినప్పుడు ర్యామ్‌ని బతికించడానికి ఓ చిన్న బ్యాటరీ. నిద్రపోతున్న సీమాస్ చిప్పు తాగే కరెంటు బహు స్వల్పం. రెండు వోల్టులు దాటి ఉంటే చాలు, అంకెలు అలాగే ఉంటాయి. మూడు వోల్టుల లిథియం బ్యాటరీ ఒకటి బోర్డు మీద టంకం వేసి పెడితే పదేళ్ళు ఖాయం. చాలావాటిల్లో ఇరవయ్యేళ్ళు కూడా లాగింది. పదేళ్ళ తర్వాత సంగతి ఎవడాలోచిస్తాడు? (1999లో మన వాళ్ళు రాత్రింబవళ్ళు కూర్చుని సరిచేసిన రెండంకెల సంవత్సరాల కోడ్ రాసినవాళ్ళూ ఇలాగే అనుకున్నారు.) ఐబీయం పీసీ ఏటీ 1984లో తన సెట్టింగులు దాచుకున్నదీ ఇలాగే, అమెరికాలో 1987లో వచ్చిన జెల్డా ఆట క్యాసెట్టు దాచుకున్నదీ ఇలాగే. ఆ దశాబ్దపు జ్ఞాపకమంతా రూపాయి బిళ్ళంత బ్యాటరీ మీద నిలబడి ఉంది.

లిథియం చస్తే జ్ఞాపకం ఒక్కటే పోతుంది. అది నయం. ఛార్జ్ అయ్యే నికెల్ కాడ్మియం బ్యాటరీ పెట్టినవాళ్ళది ఇంకో బాధ. పాలీసిక్స్‌లో కేఎల్ఎం-367 అనే బోర్డు ఉంది. శబ్దాల్ని దాచేదీ, ఏ మీట నొక్కారో చూసేదీ ఆ బోర్డే. దాని మీద 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ పెట్టారు. ఇవి ముసలివయ్యాక కారతాయి. కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. అది బోర్డు మీది సన్నటి రాగి దారుల్ని నెమ్మదిగా తినేస్తుంది. ఆకుపచ్చ పూత కిందకి పాకి, పైకి ఏమీ కనపడకుండానే తినేస్తుంది. ముందు శబ్దాలు చెరుగుతాయి. తర్వాత కొన్ని మీటలు మూగబోతాయి, లేదా ఎవరూ నొక్కకుండానే మోగుతాయి. గుర్తుంచుకోడానికని పెట్టిన వస్తువే గుర్తుంచుకోవాల్సిన బుర్రని తినడం! భస్మాసురుడి కథ మనకి కొత్తా?

ఇప్పుడు వైద్యం సంగతికొద్దాం. పాత సింథసైజర్లు బాగుచేసేవాళ్ళ పద్ధతి చూస్తే మన డీబగ్గింగే గుర్తొస్తుంది. మొదటి ప్రశ్న: అసలు ఇది మెమరీ రోగమేనా? ప్రాఫెట్-5 ముఖం మీద ప్రీసెట్ అనే స్విచ్చుంది. దాన్ని ఆపితే యంత్రం దాచినవన్నీ వదిలేసి, గుండీలు ఇప్పుడెక్కడున్నాయో అదే పలుకుతుంది. అప్పుడు కూడా శబ్దం తప్పుగానే ఉంటే ర్యామ్‌ని తిట్టుకోవడం దండగ. రోగం కొలిచే చోటో, పంచే చోటో ఉంది. గుండీలతో బాగా పలికి, దాచినవి మాత్రం తప్పుగా పలికితే అప్పుడు మెమరీ వైపు చూడాలి. అలాగే ఆరు స్వరాల జూనో-106లో ప్రతి ఆరో నొక్కుకీ ఒక స్వరం రాకపోతే అది మతిమరుపు కాదు, ఒక గొంతు పోయింది. దాని గొంతు చిప్పులు అందుకు పేరుమోసినవే.

మెమరీయే అని తేలాక, ఎలా మర్చిపోతోందో చూడాలి. ఆపి వేస్తే చాలు మొత్తం పోతోందా? బ్యాటరీ. యంత్రం ఆపి ఉండగా బ్యాటరీ దగ్గర వోల్టేజి కొలవాలి, తర్వాత ర్యామ్ చిప్పు కాలు దగ్గర కొలవాలి. మొదటిచోట మూడుండి రెండోచోట సున్నా ఉంటే బ్యాటరీ మంచిదే, మధ్యలో డయోడో దారో తెగింది. అన్నీ పోకుండా, ఆపి వేసినప్పుడల్లా ఏదో ఒకటి రెండు శబ్దాలు మాత్రం చెడుతున్నాయా? అప్పుడు బ్యాటరీ తప్పు కాదు. కరెంటు పడిపోతున్న ఆ చివరి క్షణాల్లో ప్రాసెసర్ మతి తప్పి ర్యామ్‌లో పిచ్చిగీతలు గీయకుండా తలుపు మూసే సర్క్యూట్ ఒకటుంటుంది. అది సమయానికి మూయట్లేదు. ప్రతి శబ్దంలోనూ ఒకే రకం తప్పు, విలువలు ఉన్నట్టుండి సగానికి సగం గెంతుతున్నాయా? ఒక బిట్ ఇరుక్కుపోయింది. కొన్ని శబ్దాల గుంపు ఇంకో గుంపుకి నకలుగా వస్తోందా? చిరునామా తీగల్లో ఒకటి తెగింది, రెండిళ్ళకీ ఒకే డోర్ నంబరు పడింది. అసలు కొత్తవి దాచడమే కుదరట్లేదా? అన్నిటికంటే ముందు వెనక వైపు చూడాలి. పొరపాటున చెరపకుండా ఉండేందుకు పెట్టిన రికార్డు తాళం స్విచ్చి అక్కడుంటుంది. అది మూసి ఉండొచ్చు, లేదా నలభై ఏళ్ళ చిలుము పట్టి ఉండొచ్చు. యంత్రం విప్పాల్సిన అవసరమే రాకపోవచ్చు.

కారిన బ్యాటరీకి చికిత్స వేరు. ముందు దాన్ని తీసి పారేయాలి. క్షారం గనక కాస్త వెనిగర్ పూసి విరగ్గొట్టి, శుద్ధి చేసిన నీళ్ళతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరాక ఒక్కో రాగిదారినీ మీటరుతో తడిమి చూడాలి. తెగినచోట సన్నటి తీగతో వంతెన వేయాలి. కొత్తగా లిథియం బిళ్ళ పెట్టేటట్టయితే దానికి ముందో డయోడ్ తప్పనిసరి. ఎందుకంటే పాత బ్యాటరీ ఛార్జయ్యే రకం, ఆ సర్క్యూట్ ఇప్పటికీ ఛార్జి చేయాలనే చూస్తుంది. ఛార్జి కాకూడని లిథియంకి ఛార్జి ఎక్కిస్తే పేలుతుంది. బిళ్ళ మీద నేరుగా టంకం పెట్టినా ప్రమాదమే. హోల్డర్ పెట్టుకోవడం ఉత్తమం. బ్యాటరీ గొడవే లేని కొత్తరకం మెమరీ చిప్పులు పెట్టేవాళ్ళూ ఉన్నారిప్పుడు.

ఇదంతా బాగుచేసే సంగతి. యంత్రం బాగవుతుంది. మరి పోయిన శబ్దాలు? ఇక్కడే నాకు ఈ చరిత్ర పట్టి లాగింది.

మినీమూగ్‌లో శబ్దమంటే ముఖం మీద కనపడేదే. ఫోటో తీసుకుంటే చాలు. మెమరీ వచ్చాక ముఖం అబద్ధమాడడం మొదలెట్టింది. ప్రాఫెట్-5లో 23వ శబ్దం పిలిస్తే లోపల అంకెలు మారతాయి గానీ గుండీలు తిరగవు. అవి ఇందాక ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి. విలువలు చూపించే తెర కూడా లేదు. అంటే ఆ శబ్దం ఎలా తయారైందో చెప్పేది ఇంకెక్కడా లేదు, ఆ ర్యామ్‌లో తప్ప. ముప్పయ్యేళ్ళ కిందట ఒకాయన రాత్రంతా కూర్చుని, చెవితో వింటూ, వెంట్రుకవాసి తిప్పుతూ సాధించిన శబ్దం - బటన్ నొక్కి దాచేసి, కాగితం మీద రాయడం మానేశాడు. ఎందుకు రాస్తాడు, యంత్రం గుర్తుపెట్టుకుంటుంటే? బ్యాటరీ చచ్చిన రోజు ఫ్యాక్టరీ శబ్దాలు మళ్ళీ దొరుకుతాయి, అవి వేలమంది దగ్గరున్నాయి. ఆయనవి మాత్రం దొరకవు.

ఈ ప్రమాదం తయారుచేసినవాళ్ళకి తెలియక కాదు. చాలా యంత్రాలకి మామూలు క్యాసెట్ రికార్డర్ తగిలించే సాకెట్ పెట్టారు. మెమరీ అంతా రెండు స్థాయిల కీచుగా మారి, ఒకటి సున్నాకీ ఒకటి ఒకటికీ, టేపు మీదకెక్కుతుంది. విచిత్రం చూడండి: ఆ కీచుధ్వని కేవలం ధ్వనే కాబట్టి, ఇవాళ దాన్ని వేవ్ ఫైలుగా కంప్యూటర్లో దాచుకోవచ్చు, మళ్ళీ వినిపిస్తే పాత యంత్రం ఏ అభ్యంతరమూ లేకుండా అర్థం చేసుకుంటుంది. శబ్దం స్థాయి మరీ తక్కువా ఎక్కువా కాకుండా చూసుకుంటే చాలు. సీక్వెన్షియల్ కంపెనీ 1987లో మూతబడి యమాహా చేతికెళ్ళింది. ఆ పేరు 2015లో మళ్ళీ డేవ్ స్మిత్‌కి తిరిగొచ్చింది. 2020లో ప్రాఫెట్-5 కొత్తగా తయారైంది. 2022లో ఆయన పోయాడు. ఇన్ని జరిగినా, 1980ల్లో టేపు కెక్కించి, ఆ టేపుని జాగ్రత్తచేసినవాడి శబ్దాలు ఇవాళ్టికీ పలుకుతాయి. ఎక్కించనివాడివి పలకవు. తేడా అంతా ఆ ఐదు నిమిషాల పనిలో ఉంది.

ఇండియా సంగతి ఒకటి చెప్పాలి. బొంబాయి సినిమా సంగీతంలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్, 1982లో రోలాండ్ జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 పెట్టుకుని, డిస్కో దరువు మీద పది రాగాలు వాయించి రికార్డు చేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 2010లో ఆ రికార్డు మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచమంతా నోరు తెరుచుకుని విన్నది. టీబీ-303 సంగతేమిటంటే, బ్యాటరీలు అయిపోతే అందులో దాచిన వరసలన్నీ కలగాపులగమైపోతాయి. ఆయన సంగీతం మనదాకా వచ్చింది ఆ యంత్రాల మెమరీ వల్ల కాదు, మైనపు రంగు కూడా లేని నల్లటి రికార్డు గీతల వల్ల.

మనకింకా దగ్గరి ఉదాహరణ అన్నమయ్య. రాగిరేకుల మీద చెక్కించారు గనక సంకీర్తనలు తిరుమల కొండ మీది అరలో నాలుగొందల ఏళ్ళ పైన చెక్కుచెదరకుండా ఉన్నాయి. రాగి ఎంత గట్టి నిర్ణయమో! కానీ రేకుల మీద ఉన్నది సాహిత్యమూ, రాగం పేరూ. స్వరాలు లేవు. అవి పాడేవాళ్ళ గొంతుల్లో ఉంటాయిలే అనుకున్నారు. పాడేవాళ్ళ పరంపర తెగింది, అసలు వరసలు పోయాయి. ఇవాళ మనం వింటున్నవి చాలావరకు ఈ కాలంవాళ్ళు కట్టిన బాణీలు. అంటే ఎంత గట్టి పదార్థం మీద దాచాం అన్నది సగం సంగతే. ఏది రాశాం, ఏది "ఎలాగూ గుర్తుంటుందిలే" అని వదిలేశాం అన్నది రెండో సగం.

తాటాకులు నమ్ముకున్న మన పెద్దలకి ఇంకో సూత్రం తెలుసు. తాటాకు శాశ్వతం కాదని తెలిసే, చివికిపోకముందే కొత్త ఆకుల మీదకి తిరగరాసేవారు. జ్ఞాపకమంటే పెట్టెలో పెట్టి మర్చిపోయే వస్తువు కాదు, తరానికోసారి చెయ్యాల్సిన పని. 1980ల ఇంజనీర్లు ఆ పనిని బ్యాటరీకి అప్పజెప్పారు. మనమిప్పుడు వేరే ఊళ్ళో ఉన్న ఎవరివో సర్వర్లకి అప్పజెప్పాం. బ్యాటరీకి కనీసం పదేళ్ళ గడువని వాళ్ళకి తెలుసు. మనదానికి గడువెంతో అడిగే అలవాటైనా మనకుందా?

కాబట్టి నా ఉద్దేశంలో, మీకెవరికైనా అటక మీద పాత సింథసైజర్ ఉంటే, పాత కంపెనీ కంప్యూటరున్నా సరే, స్క్రూడ్రైవర్ తర్వాత. ముందు అది ఇంకా గుర్తుపెట్టుకున్నదేమిటో బయటికి తీయండి. టేపు సాకెట్ ఉంటే ఫైలులోకి, లేకపోతే ఒక్కో శబ్దాన్నీ వాయించి రికార్డు చేసుకుని, గుండీలతో దాన్ని మళ్ళీ పట్టుకోగలిగితే కాగితం మీద గీతలు గీసుకోండి. అవును, 1970 నాటి ఆ పెన్సిలు గీతలే. ఈ కథలో ఇప్పటిదాకా బ్యాటరీ మార్చాల్సిన అవసరం రానిది ఆ కాగితానికీ, సీఎస్-80 మూత కింది బుల్లి స్లైడర్లకీ మాత్రమే.